గురువారాలు బడికి రాని అమ్మాయి: పిల్లల మనసు విషయంలో స్కూలు ఏం చేయగలదు?

చాలా ఏళ్ల కిందటి మాట. అప్పుడు తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్‌గా ఉన్నాను. నెలాఖరున హాజరు పట్టీ కూడుతుంటే ఒక అమ్మాయి పేరు దగ్గర చూపు ఆగింది. ఆ నెలలో నాలుగు రోజులు రాలేదు. నాలుగు రోజులు మానడం పెద్ద విషయమేం కాదు. కానీ ఆ నాలుగూ సరిగ్గా వారం వారం ఎడంతో పడ్డాయి. అన్నీ గురువారాలే. వెనక్కి తిప్పి చూశాను. అంతకు ముందు నెలలోనూ మూడు గురువారాలు లేదు. సెలవు చీటీలన్నిటిలో ఒకే కారణం: కడుపునొప్పి.

గురువారం రెండో పీరియడ్‌లో పిల్లలు ఒక్కొక్కరే లేచి నిలబడి పాఠంలోంచి ఒక పేరా పైకి చదవాలి. రెండు నెలల కిందట ఆ అమ్మాయి అలా చదువుతూ ఒక మాట దగ్గర తడబడింది. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు ఆమె ఎదురుపడ్డప్పుడల్లా ఆ మాటని అలాగే సాగదీసి పలకడం మొదలుపెట్టారు. ఇదంతా నాకు తెలిసింది పట్టీ చూసి ఆరా తీశాకే. అప్పటిదాకా నేను చేసిందల్లా, “ఊరికే మానేస్తే వెనకబడిపోతావమ్మా” అని మందలించడం. కడుపునొప్పి వంక అనుకున్నాను. వంక కాదు. గురువారం తెల్లారేసరికి ఆ పిల్లకి నిజంగానే కడుపులో మెలిపెట్టేది.

స్కూళ్లలో పిల్లల మానసిక ఆరోగ్యం గురించి ఎవరు మాట్లాడినా నాకు ఆ పట్టీయే గుర్తొస్తుంది. ఎందుకంటే ఈ చర్చ చాలాసార్లు ‘పిల్లలకి ఏం నేర్పాలి’ అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. టెన్షన్ ఎలా తగ్గించుకోవాలి, ఊపిరి ఎలా తీసుకోవాలి, మంచిగా ఎలా ఆలోచించాలి అని. ఆ అమ్మాయికి ఇవన్నీ నేర్పినా గురువారం రెండో పీరియడ్ అలాగే ఉండేది. ఆ నవ్వూ అలాగే ఉండేది. రకరకాల దేశాల్లో వేలమంది పిల్లలతో జరిగిన పరిశోధనలు చదివాక నాకు ఒక నమ్మకం కుదిరింది. పిల్లలకి చెప్పే పాఠం కన్నా, పిల్లలు స్కూల్లో గడిపే రోజు ఎలా ఉంది, కష్టం వస్తే చెప్పుకోవడానికి ఎవరున్నారు అన్నవే ఎక్కువ తేడా తెస్తాయి. అయితే ఇందులో చిక్కుముళ్లు చాలా ఉన్నాయి.

ఎనిమిది, తొమ్మిది తరగతుల వయసు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 19 ఏళ్ల వయసును కౌమారం అంటుంది. ఈ వయసు వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ఆ సంస్థ అంచనా. 42 మంది ఉన్న క్లాసులో ఆరుగురు అన్నమాట. ప్రతి క్లాసులోనూ లెక్క అచ్చం ఇలాగే ఉండదు, కానీ టీచర్ బోర్డు దగ్గర నిలబడి క్లాసును ఒకసారి కలయజూస్తే ఈ అంకె బరువు తెలుస్తుంది.

ఇంకో లెక్క దీనికన్నా ముఖ్యం. మానసిక జబ్బులు ఏ వయసులో మొదలవుతాయో తేల్చడానికి 192 అధ్యయనాలను, వాటిలోని 7 లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి పరిశీలించిన ఒక విశ్లేషణ 2021లో వచ్చింది. మూడో వంతు మందికి 14 ఏళ్లు నిండకముందే, దాదాపు సగం మందికి 18 నిండకముందే జబ్బు మొదలైందని అందులో తేలింది. అన్నిటికన్నా ఎక్కువమందికి మొదలయ్యే వయసు పద్నాలుగున్నర. అంటే ఎనిమిది, తొమ్మిది తరగతుల బెంచీల మీద కూర్చున్న వయసు. చికిత్స కోసం మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేది మాత్రం చాలామంది ఏళ్లు గడిచాకే. ఈ మధ్య కాలమంతా ఆ పిల్లల్ని రోజూ చూసే పెద్దవాళ్లు ఇద్దరే: ఇంట్లోవాళ్లు, టీచర్లు.

ఆ వయసులోనే ఎందుకు? ఒక్కసారిగా చాలా మారిపోతాయి. భావోద్వేగాలు, మెప్పు, అవమానం వంటివాటికి స్పందించే మెదడు భాగాలు ముందుగా చురుకవుతాయి. ఆగి ఆలోచించి నిర్ణయం తీసుకునే ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవైల మధ్య దాకా పడుతుంది. శరీరం మారుతుంది, నిద్ర వేళలు మారతాయి. అమ్మానాన్నల మాట కన్నా తోటివాళ్ల చూపు బరువెక్కుతుంది. క్లాసులో పడ్డ ఒక నవ్వు పెద్దవాళ్లకి చిన్న విషయం. పద్నాలుగేళ్ల పిల్లకి అదే లోకమంతా తనని చూసి నవ్వినట్టు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పరీక్ష ముందు గుండె దడ, స్నేహితురాలితో గొడవపడ్డాక రెండు రోజుల దిగులు, ఇంట్లో ఎవరైనా పోతే వచ్చే దుఃఖం జబ్బులు కావు. అవి రాకపోతేనే ఆలోచించాలి. మరి ఎక్కడ గీత గీయాలి? నేను మూడు విషయాలు చూస్తాను. ఎన్నాళ్లుగా ఉంది? రెండు వారాలు దాటినా తగ్గలేదంటే పట్టించుకోవాలి. ఎంత గట్టిగా ఉంది? దాని వల్ల ఏం ఆగిపోయింది? మూడోదే అసలు ప్రశ్న. తిండి, నిద్ర, చదువు, ఆట, స్నేహం, వీటిలో ఏది నిలిచిపోయింది? రోజూ బంతి పట్టుకుని తిరిగే కుర్రాడు ఆట పీరియడ్‌లో మెట్ల మీద కూర్చుంటున్నాడంటే మార్కులు తగ్గకపోయినా గమనించాలి.

ఇంకొకటి. డిప్రెషన్ అంటే మూల కూర్చుని ఏడవడం అని మనకి ఒక బొమ్మ ఉండిపోయింది. ఈ వయసులో అది చాలాసార్లు చిరాకుగా, కోపంగా, ఎదురు సమాధానాలుగా బయటపడుతుంది. లేదా తలనొప్పి, కడుపునొప్పిగా వస్తుంది. అందుకే ఏడ్చే పిల్లని ఓదారుస్తాం, ఎదురు తిరిగే పిల్లాడిని హెడ్మాస్టర్ గదికి పంపిస్తాం. ఇద్దరిదీ ఒకే బాధ కావచ్చు.

అందరికీ ఒకే పాఠం చెబితే?

స్కూలు చేయగల పనుల్లో చేయడానికి అన్నిటికన్నా తేలికైనది ఇదే. టైంటేబుల్‌లో వారానికో పీరియడ్ పెట్టి అందరికీ మానసిక ఆరోగ్య పాఠం చెప్పడం. ఎవరినీ వేరు చేసి చూపించక్కర్లేదు, ఖర్చూ తక్కువ. ఆలోచన మంచిదే. ఫలితం మాత్రం అనుకున్నంత సూటిగా లేదు.

బ్రిటన్‌లో ‘మిరియడ్’ అనే పెద్ద ప్రయోగం జరిగింది. 85 స్కూళ్లు, 11 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లలు ఎనిమిది వేల మందికి పైగా. కొన్ని స్కూళ్లలో టీచర్లకి శిక్షణ ఇచ్చి, పిల్లలకి మైండ్‌ఫుల్‌నెస్ నేర్పించారు. అంటే మనసును ఈ క్షణం మీద నిలిపే సాధన. మిగతా స్కూళ్లు ఎప్పటిలాగే నడిచాయి. 2022లో ఫలితాలు వచ్చాయి. నేర్చుకున్న పిల్లల మానసిక స్థితి నేర్చుకోని వాళ్లకన్నా మెరుగ్గా లేదు. అప్పటికే సమస్యల అంచున ఉన్న పిల్లల్లో కొన్ని విషయాల్లో ఫలితం కాస్త ప్రతికూలంగా ఉంది. ఇంటి దగ్గర సాధన చేసిన పిల్లలు చాలా తక్కువని కూడా తేలింది.

ఆస్ట్రేలియాలో వెయ్యి మందికి పైగా పిల్లలకి, తీవ్రమైన భావోద్వేగ సమస్యలున్నవాళ్ల చికిత్సలో వాడే నైపుణ్యాలనే క్లాసు పాఠాలుగా మలిచి చెప్పారు. 2023లో వచ్చిన ఫలితాల్లో, పాఠాలు అయిపోయిన వెంటనే ఆ పిల్లలకి అమ్మానాన్నలతో సంబంధం కొంచెం దెబ్బతిన్నట్టు కనిపించింది.

ఈ ఫలితాలు చూసి ‘పిల్లల ముందు మనసు సంగతి ఎత్తకపోవడమే మంచిది’ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కానీ ఈ ఫలితాల్ని తోసిపుచ్చడం కూడా తప్పే. మందు పనిచేస్తుందో లేదో చూసినట్టే దీన్నీ చూడాలి. ఎందుకిలా జరిగి ఉండొచ్చు? బాగానే ఉన్న పిల్లాడికి ఆ పాఠం అవసరం లేదు, విసుగు పుడుతుంది. నిజంగా బాధలో ఉన్న పిల్లాడికి అది సరిపోదు. పైగా ‘నీ మనసులో ఏముందో గమనించు’ అని చెప్పి, గమనించాక కనిపించిన భయంతో వాణ్ణి ఒంటరిగా వదిలేసినట్టవుతుంది. ఇంట్లో రోజూ గొడవలు జరుగుతుంటే ఊపిరి మీద ధ్యాస పెట్టడం వల్ల గొడవ ఆగదు. లూసీ ఫోక్స్, జాక్ ఆండ్రూస్ అనే ఇద్దరు పరిశోధకులు 2023లో ఇంకో ప్రశ్న లేవనెత్తారు. మానసిక సమస్యల గురించి పదే పదే వినడం వల్ల కొందరు పిల్లలు మామూలు దిగులుకి కూడా జబ్బు పేరు పెట్టుకుని, దాన్ని నిజంగానే పెద్దది చేసుకుంటున్నారా అని. ఇది రుజువైన సంగతి కాదు, ఊహ. అయినా ఆలోచించాల్సిన ఊహ. ‘నాకు టెన్షన్‌గా ఉంది’ అనడానికీ ‘నాకు ఆందోళన జబ్బు ఉంది’ అనడానికీ మధ్య దూరం ఉంది. పాఠం చెప్పేవాళ్లు ఆ దూరాన్ని చెరిపేయకూడదు.

మరి పాఠాలన్నీ వృథాయేనా అంటే, కాదు. భావోద్వేగాలను గుర్తించడం, స్నేహం నిలుపుకోవడం, గొడవను తీర్చుకోవడం వంటివి నేర్పే 213 కార్యక్రమాలను, 2 లక్షల 70 వేల మంది విద్యార్థుల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2011లో వచ్చింది. పిల్లల ప్రవర్తన మెరుగుపడింది. మార్కుల్లో సగటు విద్యార్థి నూరుమందిలో పదకొండు మెట్లు పైకెక్కినంత తేడా వచ్చింది. మెట్టు మెట్టుగా సాగేవి, పిల్లలతో చేయించేవి, దానికంటూ సమయం కేటాయించేవి, ఏం నేర్పుతున్నామో స్పష్టంగా ఉండేవి బాగా పనిచేశాయి. ఏడాదికోసారి ఎవరో పెద్దమనిషిని పిలిపించి గంటసేపు ఉపన్యాసం ఇప్పిస్తే వచ్చే ఫలితం కాదది.

యూరప్‌లో ‘సేల్’ పేరుతో జరిగిన పరిశోధన నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది. పది దేశాలు, 168 స్కూళ్లు, 11,110 మంది పిల్లలు. మూడు పద్ధతులు పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటి, ప్రమాదంలో ఉన్న పిల్లల్ని గుర్తించేలా టీచర్లకి శిక్షణ. రెండు, ప్రశ్నపత్రాలతో పిల్లలందర్నీ పరీక్షించి, అవసరమైన వాళ్లని నిపుణుల దగ్గరికి పంపడం. మూడు, పిల్లలే పాత్రలు వేసి తమ కష్టాల గురించి మాట్లాడుకునే ఐదు గంటల కార్యక్రమం. ఏడాది తర్వాత చూస్తే, మూడో పద్ధతిలో ఉన్న పిల్లల్లో ఆత్మహత్యా ప్రయత్నాలు, ఏ ప్రత్యేక కార్యక్రమమూ లేని పిల్లలతో పోలిస్తే సగానికి సగం తగ్గాయి. మొదటి రెండింటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది 2015లో ప్రచురితమైంది.

మూడో పద్ధతిలో ఏముంది? ఒక పిల్లవాడు ‘మా నాన్న నన్ను నమ్మడు’ అనే సన్నివేశంలో కొడుకుగా, తర్వాత తండ్రిగా నటిస్తాడు. తోటివాళ్లు ‘నువ్వు ఇలా అని ఉంటే?’ అంటారు. నీతులు చెప్పేవాళ్లు లేరు, తప్పొప్పులు దిద్దేవాళ్లు లేరు. తన కష్టం తనొక్కడిదే కాదని వాడికి తెలుస్తుంది. పక్కవాడు బాధలో ఉంటే ఏం చేయాలో తెలుస్తుంది. ఇది కూడా ‘అందరికీ చెప్పే పాఠమే’ కదా అనొచ్చు. నిజమే. కానీ ఇక్కడ మాట్లాడింది పిల్లలు.

రెండో పద్ధతి ఎందుకు తేలిపోయిందో కూడా చూడాలి. ప్రశ్నపత్రంలో సమస్య కనబడిన పిల్లల్ని నిపుణులతో మాట్లాడడానికి పిలిస్తే చాలామంది రాలేదు. ఫారాలు నింపించడం తేలిక. నింపాక ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషిని పెట్టడం, పిల్లలు ఆ మనిషి దాకా నడిచి వెళ్లేలా చేయడం కష్టం. సాయం చేసే ఏర్పాటు సిద్ధంగా లేకుండా పిల్లలందరి చేతా ప్రశ్నపత్రం నింపించకూడదని నా గట్టి అభిప్రాయం. ‘నీకు చనిపోవాలనిపిస్తోందా?’ అన్న ప్రశ్నకి అవును అని టిక్కు పెట్టిన కాగితం ఆఫీసు బీరువాలో మూడు వారాలు పడి ఉండడం కన్నా అన్యాయం ఉండదు.

నలందా చెప్పిన సంగతి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ డబ్బున్న దేశాలవి. బీహార్‌లోని నలందా జిల్లాలో, 74 ప్రభుత్వ హైస్కూళ్లలో జరిగిన పరిశోధన వీటన్నిటికన్నా ఎక్కువ నేర్పుతుందని నేననుకుంటాను. దాని పేరు ‘సెహర్’. ‘సంగత్’ అనే సంస్థ చేపట్టింది. ఫలితాలు 2018లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో వచ్చాయి.

స్కూళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో స్కూలుకొక కౌన్సెలర్‌ని పెట్టారు. వాళ్లు సైకాలజిస్టులు కారు, మామూలు మనుషులకే ఈ పని కోసం శిక్షణ ఇచ్చారు. రెండో గుంపులో అదే పనిని స్కూల్లో ఉన్న ఒక టీచర్‌కి అప్పగించారు. మూడో గుంపులో ఇవేవీ లేవు. ఆ కౌన్సెలర్ చేసిన పనులు చూడండి. ప్రార్థన సమయంలో వేధింపుల గురించో, చదువు అలవాట్ల గురించో కాసేపు మాట్లాడడం. పిల్లలు పేరు రాయకుండా కూడా ఫిర్యాదు, సూచన వేయగల పెట్టె ఒకటి పెట్టడం. గోడ పత్రిక నడపడం. టీచర్లతో క్రమశిక్షణ గురించి వర్క్‌షాపు పెట్టడం. స్కూలు వాతావరణం గురించి మాట్లాడే కమిటీ వేయడం. వీటితో పాటు, కావాలనుకున్న పిల్లలతో ఒంటరిగా కూర్చుని మాట్లాడడం.

ఎనిమిది నెలల తర్వాత, కౌన్సెలర్ ఉన్న స్కూళ్లలో పిల్లలు తమ స్కూలు గురించి చెప్పే తీరే మారిపోయింది. టీచర్లతో, తోటివాళ్లతో సంబంధాలు మెరుగయ్యాయి. డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి. వేధింపులు, కొట్లాటలు తగ్గాయి. రెండో ఏడాది కూడా కొనసాగించి చూస్తే తేడా ఇంకా పెరిగింది. అవే పనులు టీచర్ చేతుల్లో పెట్టిన స్కూళ్లలో మాత్రం, ఇవేవీ లేని స్కూళ్లకీ వాటికీ తేడా లేదు.

టీచర్‌గా పనిచేసినదాన్ని కాబట్టి ఈ ఫలితం చదివినప్పుడు మొదట మనసుకి గుచ్చుకుంది. తర్వాత ఆలోచిస్తే సబబే అనిపించింది. ఆరు పీరియడ్లు చెప్పి, పేపర్లు దిద్ది, రిజిస్టర్లు నింపే మనిషికి ఇంకో బరువు నెత్తిన పెడితే అది అన్నిటికన్నా వెనక్కి పోతుంది. అంతకన్నా ముఖ్యం, మార్కులు వేసే మనిషికి, నిన్న నిలబెట్టి తిట్టిన మనిషికి, ‘మా ఇంట్లో ఇలా జరుగుతోంది టీచర్’ అని చెప్పడం పిల్లలకి తేలిక కాదు. ఎంత మంచి టీచరైనా సరే. చెప్పుకోవడానికి, మార్కులతో సంబంధం లేని ఒక మనిషి కావాలి. ఆ మనిషికి పెద్ద డిగ్రీ ఉండక్కర్లేదని నలందా చూపించింది. ఆ పని మాత్రమే చేయడానికి సమయం ఉండాలి, శిక్షణ ఉండాలి, తనకి అర్థం కానిది వస్తే అడగడానికి పైన నిపుణులు ఉండాలి.

ఆ పెట్టె, గోడ పత్రిక, కమిటీ కూడా చిన్నవి కావు. మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదని ఒక అమ్మాయి చీటీ రాసి వేసిందనుకోండి. వారంలో గడియ బిగిస్తే ఆ స్కూల్లో ఆడపిల్లలందరికీ ఒక సంగతి తెలుస్తుంది: ఇక్కడ చెబితే వింటారని. రేపు అంతకన్నా పెద్ద కష్టం చెప్పడానికి ఆ గడియే ధైర్యమిస్తుంది. అదే చీటీకి నెలరోజులు జవాబు రాకపోతే పెట్టెలో ఇంకెవరూ ఏమీ వేయరు.

నవ్వేవాళ్లు, నవ్వును చూసేవాళ్లు

నా గురువారాల అమ్మాయిని వెక్కిరించింది ఇద్దరు ముగ్గురే. కానీ వాళ్లకి ఊపు ఇచ్చింది చుట్టూ ఉండి నవ్విన ముప్పై మంది. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ‘కీవా’ అనే కార్యక్రమం సరిగ్గా ఈ ముప్పై మంది మీదే పనిచేస్తుంది. వేధించేవాడికి కావలసింది చూసేవాళ్ల దగ్గర గొప్ప. చూసేవాళ్లు నవ్వడం మానేసి, వేధింపుకి గురైన పిల్ల పక్కన వెళ్లి కూర్చుంటే వాడికి ఆ గొప్ప దొరకదు. కీవా వల్ల వేధింపులు తగ్గాయి. అయితే చిన్న తరగతుల్లో తగ్గినంతగా పై తరగతుల్లో తగ్గలేదు. పెద్ద పిల్లల దగ్గర ఈ పని కష్టం, దానికి సిద్ధపడే మొదలుపెట్టాలి.

ఇంగ్లండ్‌లో 40 స్కూళ్లలో మూడేళ్లు జరిగిన మరో ప్రయోగంలో పిల్లల్నీ టీచర్లనీ ఒకే కమిటీలో కూర్చోబెట్టి స్కూలు నియమాలు తిరగరాయించారు. గొడవపడ్డవాళ్లని శిక్షించి వదిలేయకుండా ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. వేధింపులు కొద్దిగా తగ్గాయి, పిల్లల మనసూ కుదుటపడింది. ఇలాంటి చోట్ల తేడాలు అంకెల్లో చిన్నవిగానే ఉంటాయి. కానీ వేలమంది మీద చిన్న తేడా అంటే, రోజూ భయం భయంగా బడికి వచ్చే పిల్లలు కొన్ని వందలమంది తగ్గడం.

నిద్ర గురించి ఒక్క మాట. కౌమారంలో నిద్ర వచ్చే సమయమే గంట, రెండు గంటలు ఆలస్యమవుతుంది. అది బద్ధకం కాదు, శరీర ధర్మం. ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో, పెద్ద తరగతులు ఉదయం 8:30 కన్నా ముందు మొదలుపెట్టొద్దని సూచించింది. సియాటిల్ నగరంలో హైస్కూళ్లు 7:50 నుంచి 8:45కి జరిపినప్పుడు పిల్లల నిద్ర రోజుకి 34 నిమిషాలు పెరిగింది. నిద్ర తక్కువైతే దిగులు, చిరాకు పెరుగుతాయి. తెల్లవారుజామున స్పెషల్ క్లాసు, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్ పెట్టి, మధ్యలో ఒత్తిడి మీద పాఠం చెప్పే స్కూలు ముందు తన టైంటేబుల్ మార్చుకోవాలి.

టీచర్ ఏం అడగాలి, ఏం అనకూడదు

చికిత్స టీచర్ పని కాదు. గమనించడం, అడగడం, వినడం, సరైన మనిషికి అప్పగించడం టీచర్ పని. ఇందులో కష్టమైనది అడగడమే.

అందరి ముందూ అడగకూడదు. స్టాఫ్‌రూమ్‌కి పిలిపించి అడగకూడదు, పది చెవులు ఉంటాయక్కడ. క్లాసు అయ్యాక పుస్తకాలు మోయడానికి సాయం రమ్మని పిలిచి, వరండాలో పక్కపక్కన నడుస్తూ అడిగితే నాకు ఎక్కువసార్లు జవాబు దొరికింది. ఎదురుగా నిలబెట్టి కళ్లలోకి చూస్తూ అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు. ఏం అడగాలి? “ఏమైంది నీకు? ఎందుకిలా తయారయ్యావు?” అంటే నేరం మోపినట్టుంటుంది. “వారం రోజులుగా బాక్స్ తెరవట్లేదు నువ్వు. ఆట పీరియడ్‌లో కూడా ఒక్కదానివే ఉంటున్నావు. నాకెందుకో బెంగగా ఉందమ్మా” అంటే, చూసింది చూసినట్టు చెప్పాం, తీర్పు ఇవ్వలేదు. ఆ తర్వాత ఆగాలి. ఆ నిశ్శబ్దం మనకి ఇబ్బందిగా ఉంటుంది. అయినా ఆగాలి.

చెప్పడం మొదలుపెట్టాక మనకి తోసుకొచ్చే మాటలు కొన్నుంటాయి. “ఈ వయసులో నీకేం కష్టాలు?” “నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా?” “ఇదంతా ఫోన్ వల్లే.” ఒక్కటి అన్నా తలుపు మూసుకుపోతుంది. “చెప్పినందుకు మంచిపని చేశావు. ఇది నీ తప్పు కాదు. నీతో పాటు నేనూ ఉంటాను, ఎవరి సాయం తీసుకుందామో కలిసి చూద్దాం” అనగలిగితే చాలు.

‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం మాట ఇవ్వకూడదు. పిల్ల తనకి తాను హాని చేసుకునే ప్రమాదం ఉన్నా, ఎవరైనా తనని హింసిస్తున్నా దాచలేం. అది ముందే చెప్పాలి. “నీకు ప్రమాదమనిపిస్తే మాత్రం ఇంకొకరి సాయం తీసుకుంటాను, అదీ నీతో చెప్పే చేస్తాను” అని. తర్వాత ఆ సంగతి స్టాఫ్‌రూమ్ కబురు కాకూడదు. ఒక్కసారి బయటికి పొక్కిందంటే ఆ పిల్లే కాదు, చూసిన పిల్లలెవరూ ఇక నోరు విప్పరు.

చావు మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అనే భయం చాలామంది టీచర్లలో ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థులతో ఈ సంగతి తేల్చి చూశారు. సగం మందిని సర్వేలో ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, మిగతావాళ్లని అడగలేదు. అడిగినందువల్ల బాధగానీ, ఆ ఆలోచనలుగానీ పెరగలేదు. 2005లో వచ్చిన ఆ ఫలితం తర్వాత ఇతర పరిశోధనలూ అదే చెప్పాయి. ప్రపంచవ్యాప్తంగా 15 నుంచి 29 ఏళ్ల వాళ్ల మరణాలకి ఆత్మహత్య మూడో పెద్ద కారణం. అనుమానం వస్తే సూటిగా, మెల్లగా అడగాలి: “బతకాలని లేదు అనిపిస్తోందా?” అవును అంటే ఆ పిల్లని ఒంటరిగా వదలకూడదు. అదే రోజు ఇంట్లోవాళ్లని పిలవాలి, డాక్టర్ దగ్గరికి చేర్చాలి. సోమవారం చూద్దాం అనుకోకూడదు.

కౌన్సెలర్ గది ఎక్కడుంది?

కౌన్సెలర్ ఉన్న స్కూళ్లలో కూడా పిల్లలు ఆ గదికి వెళ్లరు. కారణం చాలాసార్లు గది ఉన్న చోటే. హెడ్మాస్టర్ గది పక్కన, అందరూ తిరిగే వరండాలో, పైన పెద్ద బోర్డుతో ఉంటుంది. తలుపు తీసి లోపలికి వెళ్లడమే పదిమంది కంట పడడం. లైబ్రరీ వెనక గదిలో, పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్లినట్టే వెళ్లగలిగే చోట పెడితే వచ్చే పిల్లలు పెరుగుతారు. క్లాసు మధ్యలో పేరు పెట్టి పిలిపించడం కూడా ఆపాలి.

అమెరికాలో స్కూలు కౌన్సెలర్ల సంఘం 250 మంది విద్యార్థులకి ఒక కౌన్సెలర్ ఉండాలంటుంది. చాలా చోట్ల ఆ దరిదాపుల్లో ఉండదు. ఉన్న ఒక్కరితో కూడా ఫీజు బకాయిల ఫోన్లు చేయించడం, రాని టీచర్ క్లాసుకి పంపడం జరుగుతుంది. అప్పుడు ఆ మనిషి కూడా పిల్లల కంటికి ఇంకో టీచరే అవుతారు.

కొద్దిపాటి సమయం కూడా పనికొస్తుంది. ఢిల్లీ ప్రభుత్వ స్కూళ్లలో 2020లో ఫలితాలొచ్చిన ఒక ప్రయోగంలో, సమస్యను ఎలా విడదీసి పరిష్కరించుకోవాలో చెప్పే బొమ్మల పుస్తకాలు కొందరు పిల్లలకి ఇచ్చారు. మరికొందరికి పుస్తకాలతో పాటు శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్‌తో నాలుగైదు సిట్టింగులు పెట్టారు. ఆరు వారాలకి చూస్తే, మొత్తం మానసిక లక్షణాల్లో రెండు గుంపులకీ తేడా లేదు. కానీ ‘నన్ను బాధపెడుతున్నది ఇది’ అని పిల్లలే చెప్పుకున్న సమస్యలు, మనిషి పక్కనున్న పిల్లల్లో ఎక్కువ తగ్గాయి. ఈ ఫలితాన్ని పెద్దది చేసి చెప్పక్కర్లేదు, తీసిపారేయనూ అక్కర్లేదు. పిల్లలకి తమ కష్టమే ముఖ్యం, మన కొలతలు కావు.

తల్లిదండ్రుల సంగతి. స్కూలు నుంచి ఫోన్ వస్తే వాళ్లకి మొదట వచ్చేది భయం, తర్వాత కోపం. “మీ అబ్బాయికి డిప్రెషన్ ఉన్నట్టుంది” అని టీచర్ ఫోన్‌లో చెప్పకూడదు. జబ్బు పేరు పెట్టడం డాక్టర్ పని. పిలిపించి, కూర్చోబెట్టి, “వాడు మా దగ్గర ఇలా ఉంటున్నాడు, ఇంటి దగ్గర ఎలా ఉంటున్నాడండీ?” అని అడగడంతో మొదలుపెట్టాలి. చాలామంది అమ్మలు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు చెప్పుకుపోతారు.

తిరిగి వచ్చే రోజు

దీని గురించి చాలా తక్కువమంది మాట్లాడతారు. చికిత్స కోసమో, బాధ తట్టుకోలేకనో నెల, రెండు నెలలు స్కూలుకి రాని పిల్ల తిరిగి వచ్చే మొదటి రోజు. అప్పటిదాకా డాక్టర్, మందులు, ఇంట్లోవాళ్లు చేసిందంతా ఆ ఒక్క ఉదయం తారుమారు కావచ్చు.

ముందు రోజే కౌన్సెలరో క్లాస్ టీచరో ఆ పిల్లతో మాట్లాడాలి. “ఇన్నాళ్లూ ఏమైపోయావని అడిగితే ఏం చెబుతావు?” అని. ఒక చిన్న జవాబు ఇద్దరూ కలిసి తయారు చేసుకోవాలి. “ఒంట్లో బాగోలేదు, ఇప్పుడు బాగుంది” అన్నది చాలు, అంతకు మించి చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. పాత బెంచీలో పాత స్నేహితురాలి పక్కన చోటు అలాగే ఉంచాలి. వారం పది రోజులు సగం పూట వచ్చి వెళ్లనివ్వొచ్చు. క్లాసులో ఊపిరాడనట్టనిపిస్తే అనుమతి అడగకుండా లేచి వెళ్లగల ఒక చోటు, అక్కడ ఒక మనిషి ఉండాలి. టీచర్లందరికీ జబ్బు వివరాలు తెలియక్కర్లేదు. ఈ వారం తనని బోర్డు దగ్గరికి పిలవొద్దు, నోట్స్ పూర్తి కాలేదని నిలబెట్టొద్దు అన్నంత తెలిస్తే చాలు.

గురువారాల అమ్మాయి విషయంలో మేం చేసింది కూడా ఇంతే. పైకి చదివే పద్ధతి మార్చాం. ఇద్దరిద్దరు కలిసి, కూర్చున్న చోటే చదవడం. నవ్విన పిల్లలతో విడివిడిగా మాట్లాడాను. ఐదో గురువారానికి వచ్చింది. పక్కనున్న పిల్ల చదువుతుంటే వేలు పెట్టి వెంట చూసింది, తను చదవలేదు. నేనూ చదవమనలేదు. మిగిలిపోయిన రెండు పరీక్షల్లో ఏది ముందు రాస్తావని అడిగితే, కాసేపు ఆలోచించి సైన్సు అంది.